ఏ-10 తప్పుకుంటే ఆ పని ఎఫ్-35 చేయగలదా?

విశాఖ_గగనం

మిగిలిన 162 ఏ-10 విమానాలనూ తీసేస్తామని అమెరికా వాయుసేన 2026 బడ్జెట్ ప్రతిపాదనల్లో చెప్పినప్పటి నుంచి ఈ చర్చ మొదలుపెట్టాలని ఉంది. ఏ-10 మొదటిసారి ఎగిరింది 1972 మే నెలలో. సోవియట్ ట్యాంకులు జర్మనీ మీదికి వస్తే ఆపడానికని కట్టారు. అది చేసిన యుద్ధం మాత్రం ఎక్కువగా ఇరాక్‌లో, అఫ్ఘానిస్తాన్‌లో. ఎఫ్-35 మొదట ఎగిరింది 2006 డిసెంబర్‌లో. రాడార్‌కు సులభంగా చిక్కకుండా శత్రువు గగనతలంలోకి చొచ్చుకుపోవడం దాని అసలు బలం.

వేగం, ఎత్తు, ధర పక్కపక్కన పెట్టి ఏది గొప్పదో తేల్చే వీడియోలు బోలెడు ఉన్నాయి. ఇక్కడ అది వద్దు. కింద మనవాళ్ళూ శత్రువులూ రెండు మూడు వందల మీటర్ల దూరంలో కాల్పులు జరుపుకుంటున్నప్పుడు పైనుంచి సాయం చేయడాన్ని క్లోజ్ ఎయిర్ సపోర్ట్ అంటారు. ఆ పని ఏ-10 చేసినంత బాగా ఎఫ్-35 చేయగలదా? చేయలేకపోతే లోపం విమానంలో ఉందా, వాడే పద్ధతిలో ఉందా? తెలిసినవాళ్ళు రాయండి.

ముప్పై_ఎంఎం

నా ఓటు ఏ-10కే. ఎందుకో చెప్తాను.

ఆ విమానాన్ని గన్ చుట్టూ కట్టారు. గావ్-8 అనే ఆ గన్‌కి ఏడు గొట్టాలు, 30 మిల్లీమీటర్ల గుండ్లు, వేగం నిమిషానికి 3,900. పేలే గొట్టం సరిగ్గా విమానం మధ్య గీత మీదికి రావాలని గన్‌ను కాస్త పక్కకు పెట్టి, దానికి చోటివ్వడానికి ముందు చక్రాన్ని కుడివైపుకు జరిపారు. 1,150 గుండ్లు నింపుకుంటే మొత్తం 17, 18 సెకన్ల కాల్పులు. ఒక్కో దాడికి ఒకటి రెండు సెకన్లు చాలు కాబట్టి మళ్ళీ మళ్ళీ తిరిగి రావచ్చు. ఎఫ్-35ఏలో ఉన్నది 25 మిల్లీమీటర్ల గన్, 181 గుండ్లు. మూడు సెకన్లకు కాస్త పైన, అంతే. బి, సి రకాలకు లోపల గన్నే లేదు, గన్, 220 గుండ్లు ఉన్న పాడ్‌ను (విడి డబ్బాను) కడుపు కింద తగిలించాలి. ఎఫ్-35ఏ గన్ గురి సరిగా లేదని 2020 మొదట్లో పెంటగాన్ పరీక్షల విభాగమే రాసింది.

గన్ గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, 227 కిలోల బాంబు పక్కన పడితే ముక్కలు మనవాళ్ళ దాకా వస్తాయి. శత్రువు బాగా దగ్గరికి వచ్చేసినప్పుడు బాంబు అడగడానికి కింద ఉన్నవాడు భయపడతాడు. గన్ అయితే అడగగలడు.

ఇక దెబ్బ తట్టుకోవడం. పైలట్ చుట్టూ 540 కిలోల టైటానియం తొట్టి. రెండు ఇంజిన్లు, అవీ వెనుక పైభాగాన, ఒకదానికొకటి దూరంగా. 2003 ఏప్రిల్ 7న బాగ్దాద్ మీద పైలట్ కిమ్ క్యాంప్‌బెల్ నడుపుతున్న ఏ-10కి క్షిపణి తగిలి హైడ్రాలిక్స్ మొత్తం పోయాయి. ఆమె తీగలూ కడ్డీలతో నడిచే మాన్యువల్ పద్ధతికి మార్చుకుని కువైట్ దాకా తెచ్చి దించింది. ఒకే ఇంజిన్ ఉన్న ఎఫ్-35కి అలాంటి దెబ్బ తగిలితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

రాడార్_రాణి

ముప్పై గారూ, గన్ వివరాలన్నీ సరైనవే. కానీ ఏ-10 పేరు మోగిన 1991 గల్ఫ్ యుద్ధాన్ని కొంచెం దగ్గరగా చూడండి.

ఆ యుద్ధంలో ఏ-10లు ట్యాంకులను కొట్టిన మాట నిజం. ఎక్కువగా కొట్టింది గన్‌తో కాదు, మావెరిక్ క్షిపణులతో. ఆ యుద్ధంలో పేలిన మావెరిక్‌లలో సుమారు 90 శాతం ఏ-10ల నుంచి వెళ్ళినవే. అదే సమయంలో ఎఫ్-111ఎఫ్ బాంబర్లు రాత్రిపూట మధ్య ఎత్తుల్లో ఎగురుతూ, ఇన్‌ఫ్రారెడ్‌లో వేడిగా కనిపించే ట్యాంకులను లేజర్ బాంబులతో ఒక్కొక్కటిగా కొట్టాయి. వాటి లెక్కలో పడ్డ సాయుధ వాహనాలు 1,500 పైనే. వాటిని ఈ పని కోసం కట్టలేదు కూడా.

ఇంకో తేదీ, 1991 ఫిబ్రవరి 15. ఇరాక్ రిపబ్లికన్ గార్డ్ దళాల మీదికి వెళ్ళిన ఏ-10లు రెండు ఒకే రోజు కూలాయి. ఆ తర్వాత వాటిని అక్కడికి పంపడం మానేసి, రక్షణ తక్కువగా ఉన్న చోట్లకు మళ్ళించారు. టైటానియం తొట్టి పైలట్ ప్రాణం కాపాడుతుంది, అది గొప్ప విషయం. కానీ దెబ్బ తిని తిరిగొచ్చిన విమానం మర్నాడు పనికి రాదు.

రాడార్‌కు సులభంగా చిక్కని గుణం, అంటే స్టెల్త్ గురించి కూడా అపోహలు ఉన్నాయి. స్టెల్త్ విమానం రాడార్‌లో అసలు కనపడదని కాదు. చాలా ఆలస్యంగా, దగ్గరికి వచ్చాక కనిపిస్తుంది. 1999 మార్చి 27న సెర్బియా దళాలు పాత ఎస్-125 క్షిపణితోనే అమెరికా స్టెల్త్ విమానం ఎఫ్-117ను కూల్చాయి. ఎఫ్-35కి ఆ లాభం దక్కాలంటే ఆయుధాలన్నీ పొట్టలోనే ఉండాలి. ఎఫ్-35ఏ అయితే 900 కిలోల తరగతి బాంబులు రెండు, రెండు గగనతల క్షిపణులు, లేదా పెద్ద బాంబుల బదులు చిన్న ఎస్‌డీబీలు ఎనిమిది. ఆ ఎస్‌డీబీ ఒక్కొక్కటి సుమారు 110 కిలోల తరగతిది. మీరన్న బాంబు ముక్కల సమస్య దానితో చాలా తగ్గుతుంది.

ముప్పై_ఎంఎం

రాణి గారూ, మావెరిక్ సంగతి ఒప్పుకుంటాను. కానీ మీరు చెప్పిన స్టెల్త్ అంతా రాడార్‌తో వెతికే క్షిపణులకే. భుజం మీద పెట్టుకుని పేల్చే క్షిపణి వేడిని చూసి వస్తుంది. ఎఫ్-35 ఇంజిన్ 190 కిలోన్యూటన్ల పైన తోస్తుంది, అంత వేడిని ఎక్కడ దాచగలరు? ఏ-10 ఇంజిన్లను రెక్కల పైన, జంట తోకల మధ్య పెట్టింది ఆ వేడి కింది నుంచి తక్కువ కనపడాలనే.

ఖర్చు కూడా చూడండి. ఎఫ్-35ఏ గంట ఎగరడానికి 30 వేల డాలర్ల పైనే. తుపాకులు తప్ప ఏమీ లేని మిలిటెంట్ల మీదికి దాన్ని పంపడం డబ్బు తగలేయడమే. 2018 సెప్టెంబర్‌లో మెరైన్ల ఎఫ్-35బీలు మొదటి దాడి చేసింది అఫ్ఘానిస్తాన్‌లోనే. తాలిబన్ దగ్గర రాడార్ ఎక్కడుంది?

పాత_ఎయిర్‌మన్

నేను వాయుసేనలో మిగ్-27ల మీద ఆర్మమెంట్ ట్రేడ్‌లో, అంటే ఆయుధాల విభాగంలో పనిచేసి రిటైర్ అయ్యాను. అమెరికా లెక్కలు మీకు బాగా తెలుసు కాబట్టి మన కథ చెప్తాను.

మిగ్-27లో కూడా 30 మిల్లీమీటర్ల గన్ ఉండేది, ఆరు గొట్టాల జీఎస్‌హెచ్-6-30. వేగంలో గావ్-8 కన్నా ఎక్కువ. ఆ అదురుకు విమానమే దెబ్బతినేది, ల్యాండింగ్ లైట్లు పగిలేవి. గన్ కాల్చి వచ్చిన విమానాన్ని ముక్కు నుంచి తోక దాకా వెతికి చూసేవాళ్ళం. ఏ-10 అదృష్టం ఏమిటంటే విమానాన్ని గన్‌కు తగ్గట్టు కట్టారు. మిగ్-27లో ఉన్న విమానానికి గన్‌ను తగిలించారు.

1999 మే 26న కార్గిల్‌లో వాయుసేన దాడులు మొదలయ్యాయి. 27న ఒక మిగ్-27 ఇంజిన్ ఆగిపోయి పైలట్ నచికేత బయటికి దూకాడు. ఆయన కోసం వెతుకుతూ కిందికి వచ్చిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజా మిగ్-21 భుజం క్షిపణికి బలైంది. 28న తోలోలింగ్ దగ్గర రాకెట్లతో దాడికి వెళ్ళిన ఎంఐ-17 హెలికాప్టర్ కూలి నలుగురు పోయారు. ఆ హెలికాప్టర్‌కు క్షిపణిని పక్కదారి పట్టించే ఫ్లేర్లు లేవు. ఆ మూడు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ తర్వాత హెలికాప్టర్లను దాడి పని నుంచి తప్పించారు. మిగతా విమానాలు క్షిపణికి అందని ఎత్తుకు వెళ్ళాయి. కానీ ఆ ఎత్తు నుంచి, పదహారు పదిహేడు వేల అడుగుల శిఖరం మీద నాలుగు రాళ్ళు పేర్చి కట్టిన బంకర్‌ను మామూలు బాంబుతో కొట్టడం చాలా కష్టం. దారి దొరికింది మిరాజ్-2000లకు లైటనింగ్ పాడ్ (లక్ష్యాన్ని దూరం నుంచి చూసి గురిపెట్టే పరికరం) తగిలించి, లేజర్ బాంబులు సిద్ధం చేసినప్పుడు. జూన్ 24న టైగర్ హిల్ మీది కమాండ్ పోస్టును అలాగే కొట్టారు. నియంత్రణ రేఖ దాటకూడదన్న షరతు అంతటా ఉండనే ఉంది.

విమానం ఎంత గట్టిదైనా, ఎంత ఎత్తులో ఎగరాలో చెప్పేది శత్రువు చేతిలో ఉన్న క్షిపణే. కార్గిల్‌లో దాడి కోసమే కట్టిన మిగ్-27 కంటే పాడ్ ఉన్న మిరాజ్ ఎక్కువ ఉపయోగపడింది.

ఏరో_విద్యార్థి

సార్, చిన్న సందేహం. మనకు అప్పుడు ఏ-10 లాంటిది ఉండి ఉంటే కార్గిల్‌లో పనిచేసేదా?

పాత_ఎయిర్‌మన్

నాకు నమ్మకం లేదు బాబూ. ఏ-10 ఇంజిన్లకు శక్తి చాలదని దాన్ని నడిపిన పైలట్లే అనేవారు. అఫ్ఘాన్ కొండల్లోనే ఇబ్బంది పడింది. పదిహేడు వేల అడుగుల శిఖరానికి పైన, నిండా ఆయుధాలతో, ఇరుకు లోయలో తిరగాలంటే దాని నెమ్మదితనమే శాపమవుతుంది. కార్గిల్ పాఠం నుంచి పుట్టింది మన ప్రచండ్ హెలికాప్టర్. 2022 అక్టోబర్‌లో జోధ్‌పూర్‌లో వాయుసేనలో చేరింది. 5,000 మీటర్ల ఎత్తులో దిగి లేచేట్టు కట్టారు. అక్కడ కావలసింది ఆ రకం.

పదాతి_పెద్దన్న

నేను సైన్యంలో పదాతి దళం మనిషిని. విమానాల గురించి మీ అంత తెలియదు, కింద నుంచి చూసినవాడి మాట రాస్తాను.

కింద ఉన్నవాడికి పైన ఏ విమానం ఉందన్నది రెండో విషయం. మొదటిది, తానెక్కడ ఉన్నాడో పైవాడికి తెలుసా లేదా. రెండు ఘటనలు పక్కపక్కన పెట్టి చూడండి.

2003 మార్చి 28, బస్రా దగ్గర. రెండు ఏ-10లు బ్రిటిష్ వాహనాల వరుస మీద కాల్పులు జరిపాయి. ఒక బ్రిటిష్ సైనికుడు చనిపోయాడు. మనవాళ్ళే అని గుర్తుపట్టడానికి ఆ వాహనాల మీద నారింజ రంగు పలకలు ఉన్నాయి. పైలట్లు వాటిని చూశారు, నారింజ రంగు రాకెట్లు అనుకున్నారు. తక్కువ ఎత్తులో, నెమ్మదిగా, కళ్ళతో చూసే విమానంలోనే ఇది జరిగింది.

2014 జూన్ 9, అఫ్ఘానిస్తాన్‌లోని జాబుల్. ఈసారి పైన ఉన్నది బీ-1 బాంబర్. కింద ఉన్న సైనికుల హెల్మెట్ల మీద ఇన్‌ఫ్రారెడ్ లైట్లు మెరుస్తున్నాయి. బాంబర్‌కు ఉన్న పాడ్‌లో ఆ లైట్లు కనపడవు. ఆ సంగతి విమానంలో ఉన్నవాళ్ళు గానీ కింద నుంచి రేడియోలో విమానానికి దారి చెప్పే కంట్రోలర్ గానీ ఎరగరు. లైట్లు లేవు కాబట్టి శత్రువులే అనుకుని బాంబులు వేశారు. ఐదుగురు అమెరికన్లు, ఒక అఫ్ఘాన్ సైనికుడు పోయారు.

మొదటిదాంట్లో కన్ను మోసం చేసింది, రెండోదాంట్లో యంత్రం. పాత విమానం మంచిది, కొత్తది చెడ్డది అని గానీ దానికి తిరగేసి గానీ ఈ రెండింటి నుంచి తేల్చలేం. రెండు చోట్లా తెగింది పైవాడికీ కిందివాడికీ మధ్య ఉండాల్సిన అవగాహన.

పాకిస్తాన్ ట్యాంకులు రాత్రిపూట మీదికి వచ్చిన మన లోంగేవాలా చూడండి. 1971 డిసెంబర్ 5 తెల్లవారేదాకా జైసల్మేర్ నుంచి వాయుసేన హంటర్ విమానాలు రాలేకపోయాయి, రాత్రి చూసే పరికరాలు వాటికి లేవు. రాత్రంతా మేజర్ చాంద్‌పురి మనుషులే కాచుకున్నారు. తెల్లవారాక హంటర్లు వచ్చినప్పుడు వాటికి దారి చూపించింది చిన్న కృషక్ విమానంలో తిరుగుతున్న మేజర్ ఆత్మాసింగ్. ఆ విమానానికి గన్ లేదు, కవచం లేదు. ట్యాంకులు ఎక్కడున్నాయో, మనవాళ్ళు ఎక్కడున్నారో రెండూ తెలిసిన మనిషి ఉన్నాడు. నాకు ఏ-10 ఇష్టం కావడానికి కారణం కూడా గన్ కాదు. దాన్ని నడిపే పైలట్లు ఉద్యోగమంతా ఈ ఒక్క పని మీదే సాధన చేస్తారు. కింద ఉన్న కంట్రోలర్ గొంతులో కంగారు వినగానే పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో వాళ్ళకు అర్థమవుతుంది.

రాడార్_రాణి

పెద్దన్న గారూ, మీరు రాసింది చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను.

జాబుల్ ఘటన మీద సాంకేతికంగా ఒక మాట. ఎఫ్-35 చుట్టూ ఆరు ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు ఉంటాయి, ముక్కు కింద గురి చూసే పరికరం, మబ్బుల్లోంచి నేల బొమ్మ గీయగల రాడార్. ఇన్ని ఉన్నా, ఏ పరికరంలో ఏది కనపడదో పైలట్‌కు కంఠతా వచ్చి ఉండాలి. అది పుస్తకం చదివితే వచ్చేది కాదు. ఎఫ్-35 పైలట్ గగనతల పోరు నేర్వాలి, క్షిపణి స్థావరాలను అణచడం నేర్వాలి, లోతట్టు దాడులు నేర్వాలి. వీటన్నిటి తర్వాత మిగిలిన గంటల్లోనే క్లోజ్ ఎయిర్ సపోర్ట్. విమానం చేయగలదు. ఆ పైలట్‌కు సాధన చేసే తీరిక ఉందా అన్నది నా భయం.

ముప్పై గారు అడిగిన వేడి గురించి: నిజమే, భుజం క్షిపణికి స్టెల్త్ మందు కాదు. దానికి మందు ఎత్తు. ఎఫ్-35 ఆ ఎత్తు నుంచి పని చేసేలా కట్టిన విమానం కాబట్టి కిందికి దిగే అవసరమే తక్కువ. ఏ-10ని కూడా 2007 నుంచి సి రకంగా మార్చి పాడ్లు, జీపీఎస్ బాంబులు ఇచ్చాక అది కూడా చాలాసార్లు పైనుంచే పనిచేసింది.

డాలస్_తెలుగువాడు

ఇక్కడ అమెరికాలో ఇది సగం రాజకీయం కూడా. 1948లో కీ వెస్ట్ ఒప్పందంతో పోరాట విమానాల పని దాదాపుగా వాయుసేన చేతికి వెళ్ళింది, సైన్యానికి మిగిలింది చివరికి హెలికాప్టర్లే. అప్పటి నుంచి సైన్యానికి ఒకటే అనుమానం, మా అవసరం వాయుసేనకు ఎప్పుడూ ఆఖరి వరుసలోనే ఉంటుందని.

2014లో ఏ-10లను మొత్తం తీసేస్తామని వాయుసేన అడిగింది. సెనేటర్లు జాన్ మెక్‌కెయిన్, కెల్లీ అయోట్ అడ్డం పడ్డారు. ఏ-10 పైలట్‌గా పనిచేసిన మార్తా మెక్‌సాలీ కాంగ్రెస్‌కు వచ్చాక ఆమె కూడా. మెక్‌కెయిన్, మెక్‌సాలీలది అరిజోనా. ఏ-10ల పెద్ద స్థావరం డేవిస్-మాంథన్ కూడా అక్కడే ఉంది, కాబట్టి ఉద్యోగాల లెక్క లేదనలేం. వాయుసేన వాదనలోనూ బలం ఉంది. అఫ్ఘానిస్తాన్‌లో ఈ పనిలో ఎక్కువ భాగం ఎఫ్-16లు, ఎఫ్-15ఈలు, బీ-1లు, డ్రోన్లు చేశాయి.

చివరికి కాంగ్రెస్ చట్టం చేసి రెండు విమానాలనూ పోల్చి పరీక్షించమంది. 2018, 2019లలో ఎగిరి చూశారు. నివేదిక 2022 ఫిబ్రవరిలో తయారైంది. జనానికి కనపడింది 2023లో, అదీ సమాచార హక్కు లాంటి చట్టం కింద ఒక సంస్థ పట్టుబడితే. చాలా చోట్ల నల్ల గీతలు కొట్టి ఇచ్చారు. ఇది నాకు అసలు నచ్చలేదు. తమ బిడ్డలను యుద్ధానికి పంపే కుటుంబాలు చదవాల్సిన నివేదిక అది.

విశాఖ_గగనం

అందరికీ ధన్యవాదాలు. ఉక్రెయిన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏ-10కి రష్యన్ జోడీ అనదగ్గ సు-25 రెండు వైపులా ఎగురుతోంది కదా?

రాడార్_రాణి

ఎగురుతోంది, పదుల సంఖ్యలో కూలింది కూడా. అక్కడ సు-25 చెట్ల మీదుగా వచ్చి, ముక్కు పైకెత్తి, రాకెట్లను దూరం నుంచి వంపుగా విసిరేసి వెంటనే తిరిగి వెళ్ళిపోతుంది. అలా విసిరితే గురి దాదాపు ఉండదు. అది ఫిరంగి చేయాల్సిన పనిని విమానంతో చేయించడమే. క్షిపణులు అంత దట్టంగా ఉన్న చోట ఏ-10 కూడా అంతకంటే భిన్నంగా ఏమీ చేయలేదని నేను అనుకుంటున్నాను.

ముందు వరుసలో క్లోజ్ ఎయిర్ సపోర్ట్ పని ఇప్పుడు చాలావరకు చిన్న డ్రోన్లు చేస్తున్నాయి. పదాతి సైనికుడి చేతిలోనే ఉంటాయి, వాయుసేనను అడగనక్కర్లేదు. కానీ ఐదారు వందల కిలోల బాంబు అవసరమైన చోట డ్రోన్ చాలదు.

ముప్పై_ఎంఎం

ఉక్రెయిన్ విషయంలో రాణి గారితో వాదించను. కానీ ప్రతి యుద్ధం ఉక్రెయిన్ కాదు. క్షిపణులు తక్కువ ఉన్నచోట గంటల తరబడి పైన తిరుగుతూ, పిలిస్తే నిమిషాల్లో వచ్చే చవక విమానం ఒకటి ఉండాలి. ఎఫ్-35 ముందు వెళ్ళి క్షిపణులను అణచాలి, తర్వాత ఏ-10 రావాలి. రెండూ ఉంచుకోమనే నేను అడుగుతున్నాను.

ఏరో_విద్యార్థి

మన దగ్గర జాగ్వార్ దాడి విమానాల తర్వాత ఈ పని ఎవరు చేస్తారు సార్? 2025 ఫిబ్రవరిలో ట్రంప్ ఎఫ్-35 ఇస్తామన్నారు, మనం తయారుచేసుకుంటున్న స్టెల్త్ విమానం ఆమ్కా ఇంకా ఎగరలేదు.

పాత_ఎయిర్‌మన్

ఆమ్కాను ఈ పనికి ఊహించుకోకు బాబూ. అది వచ్చినా కొన్నే ఉంటాయి, వాటిని శత్రువు రాడార్లు, క్షిపణుల మీదికి పంపుతారు. నేల మీది సైన్యానికి దగ్గరగా ఉండేవి ప్రచండ్, అపాచీ హెలికాప్టర్లు, పాడ్ తగిలించుకున్న తేజస్, సుఖోయ్-30లు, డ్రోన్లు. 2025 మార్చిలో 156 ప్రచండ్‌లకు ఆర్డర్ ఇచ్చారు. అపాచీ బాడీలు మన హైదరాబాద్‌లోనే తయారవుతున్నాయి. నువ్వు చదువుతున్న చదువుకు అక్కడ పని దొరుకుతుంది, చూసుకో.

పదాతి_పెద్దన్న

డాలస్ గారూ, ఒకటి అడుగుతాను. ఏ-10లు పోయిన దళాల్లో ఆ పైలట్లను ఎక్కడికి పంపుతున్నారు?

డాలస్_తెలుగువాడు

ఇండియానాలో ఫోర్ట్ వేన్ దళం ఎఫ్-16లకు మారింది. మిషిగన్‌లో సెల్ఫ్రిడ్జ్‌కు ఎఫ్-15ఈఎక్స్‌లు ఇస్తామన్నారు. జార్జియాలో మూడీకి ఎఫ్-35లు.

పదాతి_పెద్దన్న

అంటే మూడు దళాలవాళ్ళూ మూడు రకాల విమానాల్లోకి వెళ్తున్నారు, ఆ మూడింటికీ వేరే ప్రధాన పనులు ఉన్నాయి. నాకు అధికారం ఉంటే ప్రతి స్క్వాడ్రన్‌లో పాత ఏ-10 పైలట్లను కొందరిని విడిగా పెట్టి, కంట్రోలర్లతో కలిసి సాధన చేసే గంటలను బడ్జెట్‌లో విడి పద్దుగా రాయిస్తాను. వేరే పనులకు ఆ గంటలను మళ్ళించే వీలు లేకుండా.